బావగారి బ్లేడ్లా, షాపువాళ్ళ కొత్త సెట్టా?

ప్రశ్న: మాది భీమవరం. చేపల చెరువులు చేస్తాను. వయసు 48. హైదరాబాద్‌లో మా బావగారి వెంట వెళ్ళి గోల్ఫ్ మొదలుపెట్టాను. ఇప్పుడు నెలకు ఒకటి రెండుసార్లు విశాఖ వెళ్ళి ఆడుతున్నాను. హ్యాండిక్యాప్ 22 (పార్ అనే నిర్ణీత లెక్క కన్నా సుమారు 22 దెబ్బలు ఎక్కువ పడతాయని). డ్రైవర్ 200 యార్డులు, 7 ఐరన్ 130 యార్డులు పోతాయి. ఐరన్ల సెట్ మారుద్దామనుకుంటున్నాను. బావగారేమో బ్లేడ్లే (సన్నటి తల ఉన్న పాతకాలపు రకం ఐరన్లే) కొను, అప్పుడే ఆట వస్తుంది అంటారు. షాపులో ఒక కొత్త సెట్ చూపించి 7 ఐరన్‌తో 15 యార్డులు ఎక్కువ పోతుందన్నారు. కొట్టి చూస్తే నిజంగానే పోయింది. ఇంకో బాధ ఏమిటంటే, విశాఖలో 95 కొట్టేవాణ్ణి హైదరాబాద్ వెళ్తే 108, 110 అవుతోంది. మంచి ఐరన్లు కొంటే ఇది తగ్గుతుందా? వేరే కోర్సుకు వెళ్ళాలంటేనే టెన్షన్‌గా ఉంది. డిసెంబర్‌లో కుటుంబంతో ఊటీ వెళ్తున్నాం. బ్యాగ్ తీసుకెళ్ళనా, వద్దా?

సమాధానం: ఐరన్లు ఏవి కొనాలి, హైదరాబాద్‌లో స్కోరు ఎందుకు పెరుగుతోంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలండీ. మీరు రెండింటినీ ఒకటిగా కట్టేశారు. హైదరాబాద్‌లో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది చేతిలోని ఐరన్ కాదు, కాళ్ళ కింద నేల. దాని గురించి తర్వాత చెబుతాను. సెట్ మాత్రం మార్చండి. బావగారి బ్లేడ్లు మీకు వద్దు. షాపువాళ్ళు చూపించిన సెట్ కింద చెప్పే పరీక్షలకు నిలబడితేనే తీసుకోండి.

ముందు ఆ 15 యార్డుల సంగతి. ఐరన్ మీద 7 అని ముద్ర వేయాలంటే లోఫ్ట్ (బంతికి తగిలే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం; అది తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) ఇంత ఉండాలని ఎక్కడా నియమం లేదు. ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీది. 1990ల్లో 7 ఐరన్ అంటే 35 డిగ్రీలకు అటూ ఇటూ ఉండేది. ఇవాళ మనలాంటి వాళ్ళ కోసం చేసే చాలా సెట్లలో అది 28 నుంచి 30 డిగ్రీలు. అంటే ఒకప్పటి 5 ఐరన్ లోఫ్ట్ ఇప్పుడు కొన్ని సెట్లలో 7 ఐరన్ మీద కూర్చుంది. షాఫ్ట్ (క్లబ్ కర్ర) కూడా కాస్త పొడుగు పెట్టి ఉంటారు. బంతి దూరం పోవడం సహజం. అందులో మోసం ఏమీ లేదు, కానీ మీ ఆట మెరుగుపడిందనడానికి అది రుజువు కూడా కాదు.

ఐరన్ పని దూరం పోవడం కాదు. అనుకున్న చోట దిగి, దిగిన దగ్గర ఆగడం. మీ స్వింగ్ వేగానికి 28 డిగ్రీల 7 ఐరన్ బంతిని తగినంత ఎత్తు లేపకపోతే, ఎండాకాలంలో గట్టిపడిన గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద పడి ఆగకుండా అవతలికి దొర్లిపోతుంది. అయితే లోఫ్ట్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కొత్త హెడ్లలో బరువు బాగా కిందకీ వెనక్కీ పెడతారు కాబట్టి తక్కువ లోఫ్ట్‌తోనూ బంతి పైకి లేస్తుంది. అందుకే షాపులో లాంచ్ మానిటర్ (బంతి ఎలా ఎగిరిందో కొలిచే యంత్రం) తెర మీద దూరం గడి ఒక్కటే చూసి వచ్చేయకండి. బంతి ఎంత ఎత్తు లేచింది, ఏ కోణంలో దిగింది అని అడగండి. 7 ఐరన్‌కు దిగే కోణం 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే బంతి గ్రీన్ మీద నిలుస్తుంది. 35, 38 అని చూపిస్తుంటే ఆ సెట్ మీకు యార్డులు ఇస్తుంది గానీ గ్రీన్లు ఇవ్వదు. అలాంటప్పుడు అదే కంపెనీలో 32, 33 డిగ్రీల 7 ఐరన్ ఉన్న మోడల్ చూపించమనండి. చాలా కంపెనీలకు రెండు రకాలూ ఉంటాయి.

ఇంకో చిక్కు ఉంది. ఇది కొన్న ఆరు నెలలకు గానీ తెలియదు. 7 ఐరన్ బలంగా ఉంటే సెట్ మొత్తం అలాగే ఉంటుంది. పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే, ఎక్కువ లోఫ్ట్ ఉన్న క్లబ్బులను వెడ్జ్‌లంటారు) 43 డిగ్రీలకు వచ్చేస్తుంది. మీ బ్యాగ్‌లో ఉన్న శాండ్ వెడ్జ్ బహుశా 56. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. ఒక క్లబ్‌కూ మరో క్లబ్‌కూ నాలుగైదు డిగ్రీలు ఉంటేనే దూరాలు సమానంగా పడతాయి. ఈ ఖాళీతో పిచింగ్ వెడ్జ్ 110 పోతుంది, శాండ్ వెడ్జ్ 75 పోతుంది. 90 యార్డుల దగ్గర నిలబడి ఏ క్లబ్ తియ్యాలో తెలియదు. మన హ్యాండిక్యాప్ వాళ్ళకు ఒక రౌండ్‌లో ఎక్కువగా ఎదురయ్యేది సరిగ్గా ఆ దూరమే. కాబట్టి ఆ సెట్టే కొంటే 48, 49 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ కూడా అందులోనే ఇమ్మనండి. ధర అడిగేటప్పుడే ఈ మాట అడగాలి.

ఇప్పుడు బావగారి బ్లేడ్లు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. బ్లేడ్‌లో బరువంతా ఫేస్ మధ్యలో, వెనకాల పోగై ఉంటుంది. మధ్యలో తగిలితే ఆ హాయి వేరు. పక్కకు తగిలితే చేతులు జివ్వుమంటాయి, బంతి దూరం పోదు. ఆ జివ్వుమనడమే నేర్పుతుందని ఆయన ఉద్దేశం. వారానికి మూడు నాలుగు రోజులు రేంజ్‌కు వెళ్ళగలిగేవాడికి నిజంగానే నేర్పుతుంది. భీమవరం నుంచి నెలకు రెండుసార్లు విశాఖ వెళ్ళి ఆడే మీకు నేర్పదు. తప్పు తెలుస్తుంది, దిద్దుకునే తీరిక ఉండదు. తర్వాతి హోల్‌కు భయం మాత్రం మిగులుతుంది.

బరువును మధ్యలోంచి తీసి అంచులకు పంచితే, పక్కకు తగిలినా హెడ్ అంతగా మెలితిరగదు. ఈ ఆలోచనను అందరి బ్యాగుల్లోకీ తెచ్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది పింగ్ కంపెనీ పెట్టిన కార్స్టన్ సోల్‌హైమ్‌ను. ఆయన జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు. 1959లో పుటర్‌తో మొదలుపెట్టారు. 1980ల్లో వచ్చిన వాళ్ళ ఐ 2 ఐరన్లు ఇప్పటికీ కొందరి బ్యాగుల్లో కనిపిస్తాయి. వెనక గుంటలా తొలిచి ఉండే కేవిటీ బ్యాక్ వంశమంతా అలా పెరిగిందే. మీరు కొనవలసింది ఆ వంశంలోది: కేవిటీ బ్యాక్, మధ్యస్థమైన లోఫ్ట్, సోల్ (క్లబ్ తల అడుగు భాగం) కాస్త వెడల్పు. బంతి కుడికి తిరిగే జబ్బు ఉంటే కొద్దిగా ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్ట్ కన్నా కాస్త వెనక్కి) ఉన్నది.

మీ బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో ఫేస్ అంతా రంగు పూసి కొట్టండి. తగిలిన చోట రంగు పోతుంది. పది బంతులు కొట్టి ఫోటో తీసి పెట్టుకోండి. మచ్చలు రూపాయి బిళ్ళంత జాగాలో ఉంటే బావగారి మాట వినే రోజు దగ్గర్లోనే ఉంది. టో (ఫేస్ చివరి కొస) నుంచి హీల్ (షాఫ్ట్ దగ్గరి కొస) దాకా చెదిరి ఉంటే, మనలో చాలామందివి అలాగే ఉంటాయి, కేవిటీ బ్యాక్ తీసుకోండి, మనసులో ఏ వెలితీ పెట్టుకోకండి. బాగా తగిలిన ఒక్క షాట్‌ను చూసి కాదు, సరిగా తగలని తొమ్మిదింటిని చూసి ఐరన్ ఎంచుకోవాలి.

లై యాంగిల్‌కు, అంటే షాఫ్ట్ నేలతో చేసే కోణానికి, కూడా ఇలాంటి పరీక్షే. బంతి మీద మార్కర్‌తో నిలువుగా గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద గీత అచ్చు పడుతుంది. అది గ్రూవ్స్‌కు (ఫేస్ మీది అడ్డగాట్లకు) నిట్టనిలువుగా ఉంటే క్లబ్ మీ ఎత్తుకు సరిపోయినట్టే. ఒక పక్కకు ఒరిగితే, మీ స్వింగ్ ఎంత బాగున్నా బంతి ఎడమకో కుడికో పోతుంది. ఫోర్జ్ చేసిన మెత్తటి ఉక్కు అయితే రెండు డిగ్రీలు వంచి సరిచేస్తారు. గట్టి స్టెయిన్‌లెస్ పోతపోసినవి అంత తేలిగ్గా వంగవు. అందుకే ఈ పరీక్ష కొనకముందే చేయాలి.

షాఫ్ట్ విషయం క్లుప్తంగా: మీ దూరాలకు రెగ్యులర్ ఫ్లెక్స్ (షాఫ్ట్ వంగే గుణం) చాలు. స్టిఫ్ అని పేరు చూసి మగతనానికి పోవద్దు. స్టీల్‌లో 95 గ్రాముల దగ్గర ఉండే తేలికవి దొరుకుతాయి. మోచేతిలోనో మణికట్టులోనో నొప్పి ఉంటే గ్రాఫైట్ తీసుకోండి. 4, 5 ఐరన్లు అసలు కొనకండి, వాటి బదులు రెండు హైబ్రిడ్లు (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్యరకం క్లబ్బులు) పెట్టుకోండి. మీ వేగానికి 4 ఐరన్ గాల్లోకి లేవడమే కష్టం.

షాపులో కొట్టి చూసినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ మ్యాట్ మీద కొడతారు. బంతికి రెండంగుళాల వెనక నేలకు తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని తీసుకుపోతుంది. తెర మీద మంచి షాట్ అని చూపిస్తుంది. అదే గడ్డి మీద అయితే క్లబ్ మట్టిలో దిగబడిపోతుంది. ఇరుకు సోల్‌కూ వెడల్పు సోల్‌కూ తేడా తెలిసేది అక్కడే. వర్షాకాలంలో నేల మెత్తగా ఉన్నప్పుడు వెడల్పు సోల్, కాస్త బౌన్స్ (మట్టిలో దిగబడకుండా ఆపే అడుగు వంపు) ఉన్న వెడ్జ్ మిమ్మల్ని కాపాడతాయి. డెమో క్లబ్ ఒకటి అడిగి విశాఖలో గడ్డి మీద కొట్టి చూడగలిగితే అంతకన్నా మంచిది లేదు.

మన వైపు ఉండేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. సముద్రం దగ్గర, చెరువుల మధ్య, ఏడాదిలో సగం రోజులు చెమ్మ. పూత లేని రా వెడ్జ్‌లు చూడటానికి బాగుంటాయి గానీ మన గాలికి తొందరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ పోత ఐరన్లు ఈ విషయంలో నిశ్చింత. రౌండ్ అయ్యాక క్లబ్బులు తుడిచి, కవర్లు తీసి, బ్యాగ్ ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే వేడికి హెడ్‌ను పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది. గ్రిప్పుల సంగతి మరీ ముఖ్యం. చెమటకు జారే గ్రిప్‌తో ఎంత ఖరీదైన ఐరన్ అయినా వృథా. నూలు కలిసిన కార్డ్ గ్రిప్ మన ఉక్కపోతకు బాగా పనికొస్తుంది. సబ్బు నీళ్ళతో అప్పుడప్పుడు కడగండి. రెండు గ్లోవ్‌లు మార్చి మార్చి వాడండి. ఉక్కగా ఉంటే గాలి బరువెక్కి బంతి పోదని మనవాళ్ళు అంటూంటారు. అది నిజం కాదు. తేమ ఉన్న గాలి పొడి గాలి కన్నా కొంచెం తేలికే. పోనివ్వనిది గాలి కాదు, జారే చెయ్యి, తడిసిన ఫేస్.

డబ్బు దగ్గర వెనకాడుతుంటే, మూడు నాలుగేళ్ళ పాత మోడల్ వాడిన సెట్ హాయిగా తీసుకోవచ్చు. ఐరన్లు అంత తొందరగా పాతబడవు. గ్రూవ్స్ అరిగాయేమో, స్టీల్ షాఫ్ట్ మీద తుప్పు ఉందేమో చూసి, గ్రిప్పులు కొత్తవి వేయించుకోండి.

ఇక హైదరాబాద్. మీరు ఎక్కడ ఆడారో రాయలేదు గానీ, గోల్కొండ కోటలో నయా ఖిలా దగ్గరున్న కోర్సు అయినా, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ అయినా, అక్కడ నేల మన నేల కాదు. పుట్టిందీ పెరిగిందీ గోదావరి పల్లంలో. ఇక్కడ నేల బల్లపరుపు. కాళ్ళు సమంగా ఉంటేనే మనకు నిలబడినట్టు. దక్కన్ రాతి నేల మీద బంతి పాదాల కన్నా పైన ఉంటుంది, కింద ఉంటుంది, ముందు కాలు ఎత్తులో ఉంటుంది. మీ 13 స్ట్రోకుల్లో పెద్ద వాటా ఇక్కడే పోతోందని నా నమ్మకం.

కుడిచేతి వాటం వాళ్ళకు బంతి పాదాల కన్నా పైన ఉంటే అది ఎడమకు లాగుతుంది. గ్రిప్ కిందకు పట్టుకుని, కుడివైపు గురిపెట్టండి. కింద ఉంటే కుడికి పోతుంది. మోకాళ్ళు వంచి, ఆ వంపు చివరిదాకా వదలకండి. ఎక్కుడు వాలులో బంతి ఎత్తు లేచి దూరం తగ్గుతుంది, ఒక క్లబ్ ఎక్కువ తీసుకోండి. దిగుడు వాలులో తక్కువ ఎత్తులో పోయి ఎక్కువ దొర్లుతుంది. ఈ ఎక్కుడు, దిగుడు వాలుల్లో భుజాలను వాలుకు సమాంతరంగా పెట్టండి. అన్నిటికీ ముప్పావు స్వింగే చేయండి.

దీన్ని సాధన చేయడానికి మీకన్నా అదృష్టవంతుడు లేడు. మీ చెరువు గట్లు ఉన్నాయి కదా! సాయంత్రం మేత వేసిన తర్వాత గట్టు వాలు మీద నిలబడి, బంతి లేకుండా, నాలుగు రకాల వాలుల్లోనూ పది నిమిషాలు స్వింగ్ చేయండి. గడ్డి ఎక్కడ రాసుకుంటోందో చూడండి. అక్కడే బంతి ఉండాలి. బంతితో కొట్టాలనిపిస్తే ప్లాస్టిక్ బంతులు మాత్రమే వాడండి. గట్ల మీద జనం తిరుగుతూంటారు. దాళ్వా కోతలయ్యాక ఎండి నెర్రెలిచ్చిన చేలో ఐరన్ కొట్టకండి, ఆ నల్లమట్టి రాయిలా ఉంటుంది, మణికట్టు పట్టేస్తుంది.

మిగతా స్ట్రోకులకు లెక్క ఉంది. కోర్సు మనలాంటి వాళ్ళకు ఎంత కష్టమో చెప్పే స్లోప్ రేటింగ్ అని ఒక అంకె ఉంటుంది. 55 నుంచి 155 దాకా ఉండొచ్చు, ప్రామాణికం 113. మీ 22 హ్యాండిక్యాప్ ఇండెక్స్ అనుకుందాం. స్లోప్ 113 ఉన్న టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) నుంచి మీకు 22 స్ట్రోకులు. అదే 135 ఉన్న టీ నుంచి ఆడితే, 22ను 135తో గుణించి 113తో భాగిస్తే 26. కోర్స్ రేటింగ్‌కూ (బాగా ఆడేవాడికి అక్కడ పడే స్ట్రోకుల అంచనా) పార్‌కూ తేడాను బట్టి ఇది ఇంకా మారుతుంది. 2020 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ హ్యాండిక్యాప్ విధానమే ఇలా ఒప్పుకుంటోంది: కష్టమైన కోర్సులో మీరు ఎక్కువ కొడతారు, కొట్టాలి. విశాఖ 95ను జేబులో పెట్టుకుని హైదరాబాద్ వెళ్ళి దానితో పోల్చుకోవడం మానేయండి. స్కోర్ కార్డు మీద ఆ టీ స్లోప్ చూసి, ఆ రోజుకు మీ లెక్క కట్టుకుని మొదలుపెట్టండి.

టీ విషయంలో బావగారి మొహమాటం అస్సలు వద్దు. మీ 5 ఐరన్ దూరాన్ని 36తో గుణిస్తే మీకు తగిన కోర్సు పొడవు వస్తుందని ఒక వాడుక లెక్క. మీది 150 అనుకుంటే 5,400 యార్డులు. అమెరికాలో 2011లో మొదలుపెట్టిన ప్రచారంలో కూడా 200 యార్డుల డ్రైవ్ ఉన్నవాళ్ళకు 5,200 నుంచి 5,400 అనే చెప్పారు. బావగారు 6,500 యార్డుల టీ నుంచి ఆడుతుంటే మీరు ముందు టీ నుంచి ఆడండి. హ్యాండిక్యాప్ ఉన్నదే అలా కలిసి ఆడటానికి. వెనక టీ నుంచి ఆడితే ప్రతి పార్ 4లోనూ రెండో షాట్ ఫెయిర్‌వే వుడ్ అవుతుంది. ఇంత వెతికి కొన్న ఐరన్లు బ్యాగ్‌లోనే ఉండిపోతాయి.

వేరే కోర్సులంటే టెన్షన్ అన్నారు. నాకైతే ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. టెన్నిస్ కోర్టు ఎక్కడైనా ఒకటే కొలత. గోల్ఫ్ మాత్రం ఊరు మారితే ఆటే మారిపోతుంది. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్‌లో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక అదే హోల్ వేరే హోల్ అవుతుంది. ఎదురుగాలి చేసే నష్టం వెనకగాలి చేసే లాభం కన్నా ఎక్కువ. గట్టిగా కొట్టకుండా ఒకటి రెండు క్లబ్బులు ఎక్కువ తీసుకుని మెల్లగా ఆడండి. నయా ఖిలాలో కోట గోడ పక్కన, వందల ఏళ్ళ బావోబాబ్ చెట్టు ఉన్న ఆవరణలో ఆడటం ఇంకెక్కడ దొరుకుతుంది?  వేరే కోర్సు భయం పోవాలంటే ముందు మన కాళ్ళకు అలవాటైన బల్లపరుపు నేల ఉన్న చోటికి వెళ్ళండి. కోల్‌కతాలో 1829 నాటి రాయల్ కలకత్తా క్లబ్ ఉంది, బ్రిటిష్ దీవుల బయట మొట్టమొదటి గోల్ఫ్ క్లబ్. పల్లం నేల, మధ్యమధ్య చెరువులు. మీకు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. ఇవన్నీ మెంబర్ల క్లబ్బులు కాబట్టి బయటివాళ్ళను ఏ రోజుల్లో రానిస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

వానల్లో ఆడేటప్పుడు ఒక్క నియమం గుర్తుంచుకోండి. ఫెయిర్‌వేలో (టీకీ గ్రీన్‌కూ మధ్య గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) నిలిచిన వాన నీళ్ళలో బంతి పడినా, తన దెబ్బకు తానే మట్టిలో కూరుకుపోయినా పెనాల్టీ లేకుండా తీసి డ్రాప్ చేసుకోవచ్చు. 2019 నియమాల ప్రకారం రఫ్‌లో, అంటే పక్కనుండే పొడుగు గడ్డిలో, కూరుకుపోయినా అంతే. చాలామంది తెలియక అలాగే కొట్టి రెండు స్ట్రోకులు పోగొట్టుకుంటారు.

ఊటీకి క్లబ్బులు తప్పకుండా తీసుకెళ్ళండి. అయితే బ్యాగ్ మొత్తం వద్దు. 14 క్లబ్బులు అన్నది గరిష్ఠం మాత్రమే. ఒక హైబ్రిడ్, 6, 8 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పుటర్ చాలు. కుటుంబం కారులో అవి సులువుగా పడతాయి. ఊటీ 2,200 మీటర్లకు పైన ఉంది. గాలి పలచన కాబట్టి బంతి ఎనిమిది శాతం దాకా ఎక్కువ పోతుంది. ఇక్కడ 140 పోయే 6 ఐరన్ అక్కడ 150 దాకా వెళ్తుంది. డిసెంబర్ పొద్దుటి చలి అందులో కొంత లాగేసుకుంటుంది, చల్లబడిన బంతి అంతగా ఎగరదు. అందుకని తొమ్మిది దాటాక టీ టైమ్ తీసుకోండి. మొదటి మూడు హోల్స్‌లో ఐరన్ ఎంత దూరం పోతోందో చూసుకుని, నాలుగో హోల్ నుంచి ఒక క్లబ్ తగ్గించి ఆడండి. అక్కడా వాలులే ఉంటాయి. డిసెంబర్ దాకా ఇంకా సమయం ఉంది కాబట్టి గట్టు మీద స్వింగ్ ఈ వారమే మొదలుపెట్టండి.